చేదు కుదిరే దాకా

"సారూ, మీ అన్న పోయిండు. మొన్ననే మట్టి జేసినం. మీ నంబరు దొరకలే."

కోరుట్ల నుంచి వదిన ఫోన్. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. పొద్దున లేచి నీళ్లు తాగి, గేటు దాకా నడిచొచ్చి, ఛాతీలో నొప్పి అన్నాడట. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఫోన్ పెట్టేశాక కూర్చుందామంటే కూర్చోలేకపోయాను. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ ఉండిపోయాను. అలా తిరగడం ఆయన పద్ధతి. నాకెప్పుడు అంటుకుందో తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను కోరుట్ల జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. మాది సిరిసిల్ల. ఆయన ఇంట్లో ముందర అర్ర అద్దెకు తీసుకున్నాను. అప్పటికి ఆయన బహ్రెయిన్ నుంచి సెలవు మీద వచ్చి నెల అయింది. నలభై అయిదేళ్లు, సన్నటి మనిషి, నున్నగా గీసిన గడ్డం, ఎప్పుడూ కత్తిరించి ఉండే గోళ్లు. నేను సామాను దించుకున్న రోజు వదిన చాయ్ ఇచ్చింది. ఆయన గుమ్మంలో నిలబడే ఒక గుక్క తాగి, "సారూ, గీ చాయ్‌ల అల్లం ముసలిది" అన్నాడు. లోపలి నుంచి వదిన, "ముసలిదైతె నువ్వు లేతది తేపో" అంది.

కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. "పద్నాలుగేండ్లు నిలబడ్డ కాళ్లు సారూ. కూసుంటె నా మాట ఇనయి" అనేవాడు. అర్రలోకి వచ్చి, కిటికీ దాకా పోయి, గేటు దాకా పోయి, మళ్లీ వచ్చి, అప్పుడు చెప్పాల్సింది చెప్పేవాడు. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలు ఊగుతూ ఉండేది.

దేన్నయినా ముందు నాలుకతో పలకరించాల్సిందే. పెగడపల్లి దగ్గర భూమి లేని ఇంట్లో పుట్టాడు. తండ్రి ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడట. "మా ఊరి బాయి నీళ్లు జర ఉప్పగుంటయి. కోరుట్ల నీళ్లు సప్పగ. సిరిసిల్ల నీళ్లు మీ వదిన లెక్క, ఎప్పుడెట్లుంటయో తెల్వది" అనేవాడు. వదిన పుట్టిల్లు కూడా సిరిసిల్లే. ఒకసారి ఎవరిదో పెళ్లిలో షర్బత్ కలిపే మనిషి చేతిలోంచి గరిట తీసుకున్నాడు. ఒక చుక్క అరచేతిలో వేసుకొని నాకి, "చక్కెర తొందరవడ్డది, నిమ్మకాయ ఇంక నిద్ర లేవలే" అన్నాడు. ఆ మనిషి గరిట విసిరేసి పోయాడు. ఆ తర్వాత అయిదువందల మందికీ ఈయనే షర్బత్ కలిపాడు.

ఊరికంతటికీ ఆయన బహ్రెయిన్ హోటల్లో జ్యూస్ మాస్టర్. ముందింట్లో గోడ మీద ఫోటో ఉండేది. తెల్ల చొక్కా, నల్ల కోటు, ముందు సంత్రాల గుట్ట, నవ్వు. ఫోటో ఒక పక్క కొంచెం కురచగా ఉండేది.

ఆ శీతాకాలం కాలేజీలు నడవలేదు. ఇవాళ బంద్, రేపు ర్యాలీ, ఎల్లుండి రాస్తారోకో. బస్సులు డిపోల్లోనే ఉండేవి. ఢిల్లీ నుంచి ఏదో కబురు వస్తుందని పొద్దున్నుంచి టీవీ ముందు కూర్చోవడం, రాలేదని బజారుకు పోవడం, అక్కడ ఎవరో ఏదో అంటే మళ్లీ ఇంటికి పరుగెత్తుకు రావడం. ఎవరికీ ఒక చోట కాలు నిలిచేది కాదు. ఆయనకు దానికి తోడు ఇంకో పరేషాన్. సెలవు అయిపోవస్తోంది. తిరిగి పోకపోతే వీసా పోతుంది. పోవాలని లేదు.

ఒక మధ్యాహ్నం వదిన చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. ఆయన నా అర్రలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"సారూ, మీ అర్రల చిన్న పని జేసుకుంట. మీ వదినకు చెప్పద్దు."

సంచీలోంచి తువ్వాలలో చుట్టిన ఒక గ్లాసు తీశాడు. అడుగు మందంగా ఉన్న పొట్టి గాజు గ్లాసు. తర్వాత కోరుట్ల వైన్ షాపులో కొన్న జిన్ను. తర్వాత బహ్రెయిన్ నుంచి బట్టల మధ్య దాచి తెచ్చుకున్న రెండు సీసాలు. ఒకటి ఎర్రటి చేదు మందు, పావు వంతే మిగిలింది. ఇంకొకటి మూలికలు నానిన తియ్యటి ద్రాక్ష మందు. టిఫిన్ డబ్బాలో రాయిలా గడ్డ కట్టిన ఐసు. నీళ్లు కాచి చల్లార్చి గడ్డ కట్టించాడట, అద్దంలా ఉంది. వదిన అది జ్యూసుకే అనుకుంది.

మూడు మందులూ జిన్ను సీసా మూతతోనే కొలిచి పోశాడు. "మూడు సమానం సారూ. ఒకటి మీదికి రావద్దు, ఒకటి కిందికి పోవద్దు." కడిగిన సైకిల్ చక్రం పుల్లతో కలపడం మొదలుపెట్టాడు. అంతసేపూ ఊగే మనిషి అప్పుడు మాత్రం నిశ్చలంగా అయిపోయాడు. మణికట్టు ఒక్కటే కదులుతోంది. చప్పుడు లేదు. "ఐసు గ్లాసుకు గుద్దుకోవద్దు. గుద్దుకుంటె నీళ్లయితది." సంత్రా తొక్క ఒక చెక్క కోసి గ్లాసు మీద మెలిపెట్టాడు. కిటికీ ఎండలో సన్నటి తుంపర లేచి మందు మీద పడింది. అర్రంతా వాసన.

ఒక పుల్లతో చుక్క తీసి నాలుక మీద వేసుకొని కళ్లు మూసుకున్నాడు. తర్వాత కిటికీలోంచి బయటికి ఉమ్మేసి నోరు పుక్కిలించాడు. అప్పుడు చెప్పాడు. జ్యూస్ కాదు, బార్. మొదటి అయిదేళ్లు గ్లాసులు కడిగాడు. తర్వాత గోవా నుంచి వచ్చిన ఒక ముసలాయన దగ్గరికి తీసి నేర్పాడు. "నాలుక మీదనే ఆగాలె, గొంతు దిగద్దు. దిగిందంటె పని పోయినట్టే అనేటోడు. పద్నాలుగేండ్ల సంది గొంతు దిగలే సారూ. యేసయ్య మీద ఒట్టు."

"మరి వదినకు చెబితే ఏం?"

కిటికీ దాకా పోయాడు. తిరిగి వచ్చాడు. "వాళ్ల నాయన సిరిసిల్లల బట్టలు నేసే సాంచెల మీద పని జేసేటోడు. సారా తాగి సచ్చిండు. పెండ్లప్పుడు నాతోని ఒకటే మాట తీసుకున్నది, మందు ముట్టద్దని. ముట్టకుంట గా పని ఎట్లయితది? ముట్టిన. జ్యూస్ అని చెప్పిన."

జగిత్యాలలో ఒకాయన కొత్తగా హోటల్ కడుతున్నాడు, పైన బార్. ఈయన సంగతి ఎవరో చెబితే కబురు పెట్టాడట, వచ్చి చేతి పని చూపించమని. అది కుదిరితే బహ్రెయిన్ పోనక్కర లేదు. కానీ ఎర్ర సీసా అయిపోతోంది, జగిత్యాలలో అది దొరకదు.

గ్లాసు నాకిచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి, తలుపు వైపు చూస్తూ తాగాను. మొదట చేదు. మొహం చిట్లింది. తర్వాత ఎక్కడి నుంచో తీపి. తర్వాత మళ్లీ చేదు, ఈసారి మెత్తగా.

"నేలవేము కషాయం గుర్తొస్తుందన్నా" అన్నాను.

ఆయన నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "ఏమన్నరు? మల్లనుండ్రి."

మర్నాటి నుంచి ఆయన ఇంట్లో లేడు. బస్సుల్లేవు కాబట్టి సైకిలు మీద వెల్గటూర్ దాకా పోయి చేల గట్ల మీద నేలవేము పీక్కొచ్చాడు. మేడ మీద ఎండలో ఎండబెట్టి, ఎర్ర మందుకు బదులుగా జిన్నులో నానేశాడు. సంత్రా తొక్కలు, వేప పువ్వు, రంగుకు ఎండు మోదుగు పువ్వు. ఒకసారి కాకరకాయ కూడా వేశాడు. దాన్ని పుల్లతో ఒక చుక్క నాలుక మీద వేసుకొని అర్ర మొత్తం నాలుగు చుట్లు తిరిగాడు. సీసాలు నా అర్థశాస్త్రం పుస్తకాల వెనక వరసగా చేరాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసేవాడు. "తీపి దొరుకుతది సారూ. ఈ చేదే దొరుకుతలేదు. నాలుకను కొడుతున్నది గని పట్టుకుంటలేదు."

ఒకరోజు వదిన గిన్నెడు జావ పట్టుకొని వచ్చింది. "మీ అర్రల ఎప్పుడు జూసిన కషాయం వాసన. పానం మంచిగ లేదా సారూ?" నేను తలూపాను. పుస్తకాలకు అడ్డంగా నిలబడి ఆ జావ తాగాను.

జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. రేపే రావాలి. సెలవు ఇంకా నెలరోజులే ఉంది. ఉన్న వాటిలో నయమనిపించిన సీసా, మిగిలిన సరుకు, గ్లాసు సంచీలో సర్దుకున్నాడు. మధ్యాహ్నం నా బండి మీద బయల్దేరాం. ఆ పొద్దున వదిన బీడీలు అప్పజెప్పి వస్తానని కార్ఖానాకు పోయింది.

ఊరు దాటగానే రోడ్డు మూసేసి ఉంది. రాళ్లు, అడ్డంగా ఎడ్లబండి, నడి రోడ్డు మీద మూడు పొయ్యిలు. పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. డప్పు మోగుతోంది. మమ్మల్ని ఆపిన పిల్లగాళ్లలో ఒకడు సంచీని తట్టాడు. గాజు చప్పుడైంది.

"ఏందన్నా గిది?" తీసి చూశాడు. మూత తిప్పి వాసన చూశాడు. "మందు! పిల్లలు పానాలు తీసుకుంటుంటె మీరు మందు పట్టుకొని తిరుగుతున్నరా?"

జనం మూగారు. నాది అని చెప్పబోయాను. అప్పటికే ఆయన నా వైపు చూడటం లేదు. పొయ్యిల అవతల రోడ్డు మీద చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ ఒక వందమంది ఆడవాళ్లు కూర్చున్నారు. ముందు వరసలో వదిన. కార్ఖానా మూసి ఉంటే అందరితో పాటు రోడ్డెక్కిందట. చేతిలో సగం చుట్టిన బీడీ అలాగే ఉంది.

"సారుదా?" అన్నాడు పిల్లగాడు నన్ను చూపించి.

"సారుకేం సంబంధం లేదు. నాది" అన్నాడు ఆయన. అంటూ ఆమెనే చూస్తున్నాడు. "జ్యూస్ కాదే. గిదే నా పని. పద్నాలుగేండ్ల సంది గిదే జేసిన."

డప్పు ఆగిపోయింది. వదిన లేచి వచ్చింది.

"తాగుతవా?"

"లేదు. నాలుక మీద ఏసుకొని ఉమ్మేస్త."

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "నేల పొయ్యుండ్రిరా" అన్నారు. పిల్లగాడు సీసా వంచబోయాడు. వదిన వాడి మణికట్టు పట్టుకుంది.

"ఇటియ్యి. ఆయన దేశం గాని దేశంల నిలబడి సంపాయించినదది. పొయ్యాలంటె నేను పోస్త. నువ్వెవనివి?"

సంచీ తీసుకొని పోయి చాట పక్కన పెట్టుకుంది. ఆ రోజు రోడ్డు తెరవలేదు. సాయంత్రం దాకా ఆయన ఎడ్లబండికి ఆనుకొని నిలబడే ఉన్నాడు. వదిన ఒక్కసారి కూడా తలెత్తలేదు. గంజులు దించి అందరికీ అన్నం పెడుతుంటే, ఆమే ఒక విస్తరి తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు ఆ ఇంట్లో మాట వినిపించలేదు. ఆయన గేటు దాకా పోయి వచ్చే చప్పుడొక్కటే. సంచీ ఎక్కడ పెట్టిందో మాకు తెలియదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నా అర్ర ముందుకు వచ్చి నిలబడింది.

"సారూ, మీ అన్నను పిలువుండ్రి. గది నా ముంగట జెయ్యమనుండ్రి. ఏం జేసి మమ్మల సాదిండో జూస్త."

వంటింట్లో, పీట ముందు పెట్టుకొని చేశాడు. సైకిల్ పుల్ల గాజుకు తగిలి రెండుసార్లు చప్పుడైంది. ఆమె గోడకు ఆనుకొని చూస్తోంది. తొక్క మెలిపెట్టినప్పుడు తుంపర లేస్తే కొంచెం ముందుకు వంగింది. గ్లాసు ఆమె ముందు పెట్టాడు.

చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకుంది. మొహం ముడుచుకుంది. పెరట్లోకి పోయి ఉమ్మి, పుక్కిలించి వచ్చింది.

"మా నాయన తాగింది గిట్లనే ఉండెనా?"

"కాదు" అన్నాడు ఆయన. "గది ఒక్క మంటనే. దానికి రుచుండది."

ఆమె పీట ముందు కూర్చుంది. "గా ఫోటో ఒక పక్కకు ఎందుకు కోసినవంటె ఫ్రేములవడుతలేదన్నవు. రోజుకు వెయ్యి ఆకులు కోసేదాన్ని. కత్తెర కోత నాకు తెల్వదా? ఏదో దాసిండని అప్పుడే అనుకున్న. ఆడిదాన్ని దాసిండేమో అని కూడ అనుకున్న."

"ఆ పక్కకు మందు సీసాలుండె" అన్నాడు ఆయన.

"నేలవేము ఎండల పెట్టినవా?"

"ఆఁ."

"ఎండుగడ్డి వాసనస్తుంది. మా అవ్వ నీడకు ఆరబెడుతుండె. నానేసిన తొలి నీళ్లు పారవోస్తుండె. ఎన్నొద్దులు నానినయి?"

"పది."

"ఒక్క పూట సాలు. పదొద్దులు నానితె చేదు గాక ఏమయితది?" లేచి గ్లాసు తనే కడిగింది. కడిగి, గోడవైపు తిరిగి అంది. "మాట తప్పినవు. గది నేను మర్వ."

మళ్లీ నేలవేము తెచ్చి ఈసారి ఆమె చెప్పినట్టు చేశాడు. పుల్లతో నాలుక మీద వేసుకున్నాక చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచాక వంటింటి గుమ్మం వైపు తిరిగి, "పట్టుకున్నదే" అన్నాడు.

రోడ్డు మూసి ఉండి రాలేకపోయామని ఫోన్ చేసి చెప్పి, జగిత్యాల ఆయన దగ్గరికి ఆ వారమే పోయాం. మిగిలిన సరుకు, వదిన చెప్పిన చేదు, చిన్నగా కోసిన ఐసు. అన్న కలిపిచ్చిన గ్లాసును హోటలాయన అందుకున్నాడు. అంతలో ఫోన్ వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఎవరితోనో స్థలం గురించి మాట్లాడుతూ బాల్కనీలోకి పోయాడు. తిరిగి వచ్చి ఒక గుక్క తాగి, "గిదేంది, దగ్గు మందా?" అన్నాడు. "మనోళ్లకు విస్కీ, సోడా, పల్లీలు. నువ్వు మంచిగ పొడుగున్నవు. పగిడీ కట్టుకొని గేటు కాడ నిలబడు, దుబాయ్ నుంచి అచ్చిండని చెప్పుకుంటం."

అన్న గ్లాసులో మిగిలింది తొట్లో పోసి, నల్లా కింద కడిగి, తువ్వాలలో చుట్టుకొని బయటికి వచ్చాడు. బండి మీద కోరుట్ల వచ్చాం. ఇంటి ముందు దిగాక అన్నాడు: "ఐసంత కరిగినంక తాగిండు సారూ. మంచిగెట్లుంటది?"

పదిరోజులకు బహ్రెయిన్ పోయాడు. పొద్దున పెట్టె కడుతుంటే వదిన వచ్చి, బట్టల మధ్య ఒక పొట్లం పెట్టింది. నీడకు ఆరిన నేలవేము. ఆ తర్వాత అక్కడికి పోయేవాళ్లు ఎవరు కనిపించినా వాళ్ల చేత ఒక పొట్లం పంపేది. నేను సిరిసిల్లకు మారిపోయాను. అప్పుడప్పుడు ఆయన ఫోన్ చేసేవాడు. "సారూ, ఇయ్యాల ఒక దొర మీ వదిన చేదు రెండోసారి అడిగి తాగిండు. గీ చేదు యాడిదని అడిగిండు. కోరుట్ల అని చెప్పిన." తెలంగాణ వచ్చిన రోజు కూడా ఫోన్ చేశాడు. వెనక మనవాళ్ల అరుపులు, ఎవరో డబ్బా మీద దరువు. "నిలబడబుద్ధయితలేదు సారూ" అన్నాడు. ఆ మాట ఆయన నోట విని నవ్వొచ్చింది. తర్వాత ఏదో అన్నాడు, వినపడలేదు.

పూర్తిగా తిరిగి వచ్చాక ఒకసారి జ్వరం పట్టుకొని పదిహేను రోజులు వదల్లేదట. జ్వరం పోయింది, రుచి తిరిగి రాలేదు. ఉప్పు, కారం, చేదు, ఏదీ తెలియదు. సంగతి విని చూడటానికి పోయాను. అదే చివరిసారి.

మధ్యాహ్నం. వంటింట్లో పీట ముందు ఇద్దరూ ఎదురెదురుగా. ఆయన కలుపుతున్నాడు. ఇంట్లోనే చేసుకున్న చేదు, జిన్ను, మూలికల ద్రాక్ష మందు. చప్పుడు లేదు. వదిన జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి, "రాండ్రి సారూ, మీ అన్నకు నాలుక లేకపాయె, నాకు పనివడ్డది" అంది.

ఆయన గ్లాసు జరిపాడు. ఆమె చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకొని, పక్కనున్న చెంబులో ఉమ్మేసింది.

"తీపెక్కువైంది."

"కాలే. సమానమే పోసిన."

"నాలుక నీదా, నాదా?"

ఆయన ఇంకో రెండు చుక్కల చేదు వేసి కలిపాడు. ఆమె మళ్లీ వేలు ముంచింది. ఉమ్మింది. తల అడ్డంగా ఊపింది. ఆయన మొహంలో ఆ పాత తొందర కనిపించింది. సీసా తీశాడు, పెట్టాడు, తొక్క తీశాడు, పెట్టాడు. ఏం తక్కువైందో ఆయనకు తెలిసే దారి లేదు. ఆమె మొహమే చూస్తున్నాడు.

వదిన గ్లాసు ఎత్తింది. పెదవులకు ఆనించుకొని ఒక చిన్న గుక్క తీసుకుంది. చెంబు వైపు వంగలేదు. మింగింది. మాకిద్దరికీ ఆమె గొంతు కదలడం కనిపించింది.

ఆయన అలాగే చూస్తుండిపోయాడు.

"ఏం జూస్తవు?" అంది వదిన గ్లాసు కింద పెడుతూ. "ఉమ్మితె ఆఖరి రుచి తెలుస్తలేదు. ఇంకొక్క సుక్క చేదు పొయ్యి."